ఎమ్మెల్యే అడగడం మానేశాక

గుమ్మడి నర్సయ్యగారి మీద సినిమా వస్తోంది. కన్నడ హీరో శివరాజ్‌కుమార్ ఆయన వేషం కడుతున్నారు. ఆ కబురు తెలిసిన రోజు మా రిటైర్డ్ ఉద్యోగుల వాట్సాప్ గ్రూపు నిండా సైకిలు బొమ్మలే. ఐదుసార్లు గెలిచిన ఎమ్మెల్యే, సైకిలు మీద ఊళ్లు తిరిగాడు, ఆర్టీసీ బస్సెక్కి అసెంబ్లీకి పోయాడు, జీతం పార్టీకి ఇచ్చాడు, ఈ వయసులోనూ సేద్యం చేసుకుంటున్నాడు. ఈ నాలుగు ముక్కలే అటు తిప్పీ ఇటు తిప్పీ రాసి, చివర్న ఒక దండం గుర్తు.

అబద్ధం ఒక్కటీ లేదు. అయినా నాకు ఒళ్లు మండింది. మనిషిని తీసుకుపోయి సైకిలుకు కట్టేయడం మనకు బాగా అలవాటు. పుచ్చలపల్లి సుందరయ్యగారి విషయంలోనూ ఇదే చేశాం. గన్నవరం నుంచి శాసనసభకు మూడుసార్లు గెలిచిన మనిషి, గోదావరి, కృష్ణా నీళ్ల లెక్కలు కూర్చుని వేసిన మనిషి, మన పిల్లలకు మాత్రం సైకిలు తొక్కే తాతగానే తెలుసు. నిరాడంబరంగా బతకడం గొప్పే, కాదనను. కానీ అందుకోసం ఎవరినీ అసెంబ్లీకి పంపనక్కర్లేదు. ఇంటి దగ్గరే ఉండి కూడా అలా బతకొచ్చు. గెలిచినాక సభలో ఏం చేశాడు, ఎటువైపు కూర్చున్నాడు అన్నది చూడాలి. నర్సయ్యగారి విషయంలో నాకు అన్నిటికన్నా పెద్దగా కనిపించేది ఆయన కూర్చున్న వైపే.

1983, 1985, 1989, 1999, 2004. ఈ ఐదు ఎన్నికల్లో ఉమ్మడి ఖమ్మం జిల్లా ఇల్లందు ఆయన్ను గెలిపించింది. మొదటి రెండుసార్లు రాష్ట్రంలో ఎన్టీఆర్ ప్రభుత్వం. మూడోసారి కాంగ్రెస్. నాలుగోసారి చంద్రబాబు, ఐదోసారి వైఎస్. మధ్యలో 1994లో ఓడిపోయారు, అదీ సాటి కమ్యూనిస్టు పార్టీ సీపీఐ చేతిలో. జనం ఐదేళ్లు ఊరుకుని మళ్లీ ఆయన్నే పిలిచారు. ఇరవై ఏళ్లకు పైగా ఎమ్మెల్యేగా ఉండి ఒక్క రోజు కూడా అధికారపక్షం బెంచీల మీద కూర్చోని మనిషి. ‘నియోజకవర్గ అభివృద్ధి కోసం’ ఏ కండువా కప్పుకోలేదు. అప్పట్లో అది వింత కాదు. ఇప్పుడు మాత్రం సినిమాకు కథ అయ్యేంత వింత.

నా సంగతి చెప్పాలి. ఖమ్మం జిల్లా రెవెన్యూలో జూనియర్ అసిస్టెంటుగా చేరి, డిప్యూటీ తహసీల్దారుగా రిటైరైన వాణ్ని. ఇల్లందు వైపు నాకు పోస్టింగు పడలేదు, నర్సయ్యగారితో ముఖపరిచయం కూడా లేదు. ఆయన సీపీఐ (ఎంఎల్) పార్టీ సిద్ధాంతానికీ నాకూ అసలు పొసగదు. కాబట్టి ఇది అభిమాని రాసిన వ్యాసం అనుకోవద్దు. ఎమ్మెల్యే తలుచుకుంటే ఏం చేయగలడో, ఏం చేయడం మానేశాడో ఆఫీసు టేబులుకు ఇవతల కూర్చుని చూసినవాడిగా రాస్తున్నాను.

మా ఆఫీసుల్లో కోర్టు నోటీసు వచ్చినా టీ తాగి వచ్చి చూసేవాళ్లు. ఒక్క కాగితానికి మాత్రం అందరికీ వణుకు. దాని పేరు ఎల్.ఏ.క్యూ. అసెంబ్లీ ప్రశ్న. ఎవరో ఎమ్మెల్యే ప్రశ్న రాసిస్తాడు. స్పీకరు అనుమతిస్తే అది సచివాలయంలో ఆ శాఖకు పోతుంది. అక్కణ్నుంచి కమిషనరుకు, కలెక్టరుకు, చివరికి మండలంలో మా టేబులు మీదికి దిగుతుంది. దిగేసరికి గడువు అయిపోవస్తుంటుంది. ‘రేపు పొద్దుటికల్లా కావాలి’ అని కలెక్టరేటు నుంచి ఫోను. ఆ రాత్రి ఎవరూ ఇంటికి పోరు. బీరువాల్లోంచి రిజిస్టర్లు దిగుతాయి, వీఆర్వోలకు కబురు పోతుంది, టైపిస్టుకు హోటల్ నుంచి పార్సిల్ వస్తుంది. జవాబు ఒక్క పేజీయే. కానీ దాని వెనకాల ‘సప్లిమెంటరీలకు నోటు’ అని ఇంకొకటి తయారు చేయాలి. మంత్రి జవాబు చదివాక ఆ ఎమ్మెల్యే లేచి అనుబంధ ప్రశ్న వేస్తే మంత్రి నోరు తెరుచుకుని నిలబడకూడదు కదా. ఎదుటివాడు ఎటునుంచి అడుగుతాడో తెలీదు. అందుకని ఏళ్ల తరబడి కప్పెట్టిన లొసుగులన్నీ ఆ నోటు కోసం మా చేత్తో మేమే బయటికి తీయాలి.

ఒక్క ఎల్.ఏ.క్యూ. గురించి చెప్తాను. ఏ మండలమో చెప్పను. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకూడదని 1959లో నిబంధనలు వచ్చాయి, 1970లో వాటిని బిగించారు. జనం నోట్లో అది ‘వన్ ఆఫ్ సెవెంటీ’. పోయిన భూమి మీద కేసు నడిపి, తీర్పు వస్తే గిరిజన రైతుకు అప్పగించాలి. అప్పగించినట్టు పంచనామా రాసి ఫైలు మూసేస్తారు. ఆ ప్రశ్న రెండు ముక్కలుగా వచ్చింది. ఎన్ని కేసుల్లో గిరిజనులకు అనుకూలంగా తీర్పు వచ్చింది? అందులో ఎంత భూమి ఈ రోజు వాళ్ల సాగులో ఉంది? మొదటి ముక్కకు జవాబు రిజిస్టర్లోనే ఉంది, పది నిమిషాల పని. రెండో ముక్క కోసం చేలమీదికి పోక తప్పలేదు. పోయి చూస్తే, పంచనామాలో ఎప్పుడో స్వాధీనమైపోయిన భూమిలో పాత ఆసామి మిరప తోట. కాగితం ప్రకారం ఆ భూమికి యజమాని అయిన గిరిజన రైతు అదే తోటలో కూలికి కాయ ఏరుతున్నాడు. సభలో జవాబు చదివే రోజు రాకముందే ఆ ఊళ్లో సర్వేయరు దిగాడు, హద్దురాళ్లు పాతించారు, పోలీసును పక్కన పెట్టుకుని ఈసారి నిజంగానే అప్పగించారు. అన్నేళ్లుగా అర్జీలకు కదలని పని. మాలో మానవత్వం మేల్కొని కాదు. సభలో మంత్రికి తలవంపులైతే మా మెడకు చుట్టుకుంటుందని.

ఆ ప్రశ్న వేసింది ప్రతిపక్షంలో కూర్చున్న ఎమ్మెల్యే. అధికార పార్టీ ఎమ్మెల్యే వేయలేడని కాదు, వేయొచ్చు, నిబంధనల్లో అడ్డేమీ లేదు. కానీ తన మంత్రిని తనే ఎందుకు ఇరుకున పెడతాడు? ఆయనకు పని కావాలంటే ఫోను చేస్తాడు. ఫోనుకూ ప్రశ్నకూ చాలా తేడా ఉంది. ఫోను ఒక మనిషి కోసం వస్తుంది. ‘మావాడు వస్తున్నాడు, కాస్త చూడండి’ అని. చూస్తాం. ఆ పక్కవాడి ఫైలు అక్కడే ఉంటుంది. ప్రశ్న వస్తే మొత్తం రిజిస్టరు తెరవాలి.

నా సర్వీసు చివరి రోజులకు వచ్చేసరికి ఈ ఎల్.ఏ.క్యూ.ల తాకిడి బాగా తగ్గిపోయింది. ఒక కారణం తెలిసిందే, సభ జరిగితే కదా. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలకు మించి ఎడం ఉండకూడదని రాజ్యాంగం. దాన్ని పట్టుకుని ఆరు నెలలు గడవబోతుంటే నాలుగు రోజులు పిలిచి మమ అనిపిస్తారు. రాజ్యాంగం పనితీరును సమీక్షించిన జస్టిస్ వెంకటాచలయ్య కమిషన్ 70 మందికి మించి సభ్యులున్న అసెంబ్లీలు ఏడాదికి కనీసం 90 రోజులు కూర్చోవాలని 2002లోనే చెప్పింది. తెలంగాణలో 119 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 175 మంది. రెండు చోట్లా ఏడాదికి ముప్ఫై రోజులు జరిగితే గొప్ప. ఆ రోజుల్లో కూడా ప్రశ్నోత్తరాల గంట గొడవల్లో కొట్టుకుపోగా మిగిలేది ఎంత?

రెండో కారణం మా జిల్లా వాళ్లకు బాగా తెలుసు. అడిగేవాళ్లు అటు పోయారు.

ఉమ్మడి ఖమ్మం జిల్లాలో పది సీట్లు. 2014లో రాష్ట్రమంతా కారు జోరు మీద ఉంటే మా జిల్లా టీఆర్ఎస్‌కు ఇచ్చింది ఒక్కటే, కొత్తగూడెం. 2018లో మళ్లీ ఒక్కటే, ఈసారి ఖమ్మం. ఇంత స్పష్టంగా రెండుసార్లు చెప్పిన జిల్లా ఇంకోటి ఉందో లేదో. 2018లో గెలిచిన పదిమందినీ 2021 చివర్లో లెక్కపెడితే టీఆర్ఎస్ ఎమ్మెల్యేలు ఎనిమిది మంది. మధిర, భద్రాచలం తప్ప అన్నీ కారెక్కేశాయి. కాంగ్రెస్ నుంచి నలుగురు, తెలుగుదేశం నుంచి ఇద్దరు, వైరాలో స్వతంత్రంగా గెలిచినాయన. అందరిదీ ఒకటే మాట, నియోజకవర్గ అభివృద్ధి. ఒక జిల్లా మొత్తం వేసిన ఓటును ఓటరును అడగకుండా తిరగరాసుకున్నారు. 2023లో ఆ ఏడుగురిలో వైరా ఆయనకు టికెట్టే దక్కలేదు. మిగిలిన ఆరుగురూ పోటీ చేసి ఆరుగురూ ఓడారు. బీఆర్ఎస్‌గా పేరు మార్చుకున్న టీఆర్ఎస్‌కు జిల్లా మళ్లీ ఒక్కటే సీటిచ్చింది, భద్రాచలం. ఆ ఒక్క ఎమ్మెల్యే కూడా కొన్ని నెలలకే కాంగ్రెస్ గూటికి చేరారు. నవ్వాలో ఏడవాలో అర్థం కాని లెక్క ఇది.

అవతలి రాష్ట్రం మేలనుకోనక్కర్లేదు. 2014లో గెలిచిన వైఎస్సార్ కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 23 మంది తెలుగుదేశంలోకి వెళ్లారు, వాళ్లలో నలుగురు 2017లో మంత్రులయ్యారు. 2019 ఎన్నికల్లో తెలుగుదేశానికి వచ్చిన సీట్లు సరిగ్గా 23. దేవుడి స్క్రిప్టు అని అప్పట్లో ఎగతాళి చేసుకున్నాం. దేవుడి సంగతేమో కాని, ఓటరుకు లెక్కలు బాగానే వచ్చని మాత్రం తెలిసింది.

ఇప్పుడు నర్సయ్యగారి ఇల్లందుకే వద్దాం. 2014లో అక్కడ కోరం కనకయ్యగారు కాంగ్రెస్ గుర్తు మీద గెలిచారు, బానోత్ హరిప్రియగారు తెలుగుదేశం నుంచి ఓడారు. కనకయ్యగారు టీఆర్ఎస్‌లో చేరారు. 2018లో హరిప్రియగారు కాంగ్రెస్ గుర్తు మీద గెలిచారు, టీఆర్ఎస్ నుంచి నిలబడ్డ కనకయ్యగారు ఓడారు. 2019లో హరిప్రియగారు టీఆర్ఎస్‌లో చేరారు. 2023లో కనకయ్యగారు మళ్లీ కాంగ్రెస్ గుర్తు మీద గెలిచారు, బీఆర్ఎస్ నుంచి నిలబడ్డ హరిప్రియగారు ఓడారు. మెల్లగా రెండుసార్లు చదువుకోండి. ఓటరు మూడుసార్లూ ఒకే గుర్తుకు ఓటేశాడు. తిరిగింది అభ్యర్థులే, దసరా జాతరలో రంగులరాట్నంలా. వాళ్లిద్దరి మీదా నాకు వ్యక్తిగతంగా కోపమేమీ లేదు. ఇద్దరూ చేసింది రాష్ట్రమంతా చేస్తున్నదే.

కానీ ఒక లెక్క అడగాలి. పదేళ్లకు పైగా ఇల్లందు ఎమ్మెల్యే, చేరికల పుణ్యమా అని కొన్నాళ్లూ గెలుపు పుణ్యమా అని కొన్నాళ్లూ, అధికార పార్టీలోనే ఉన్నారు. మరి ఆ నియోజకవర్గంలోనే ఉన్న బయ్యారంలో ఉక్కు ఫ్యాక్టరీ ఏది? ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం పెట్టగలమో లేదో ఆరు నెలల్లో పరిశీలించాలని 2014 పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూల్లో రాసుంది. ఆ కొండల్లో ఇనుప ఖనిజం ఉంది. పక్కనే బొగ్గు ఉంది, 1889లో సింగరేణి బొగ్గు మొదట తవ్వింది ఇల్లందులోనే. అందుకే పాతవాళ్లు ఆ ఊరిని ఇప్పటికీ బొగ్గుట్ట అనే అంటారు. ఫ్యాక్టరీ కేంద్రం చేతిలో ఉంది, ఖనిజంలో నాణ్యత లేదన్నారు, ఒప్పుకుంటాను. ఆ ఫ్యాక్టరీని ప్రతిపక్ష ఎమ్మెల్యే తెచ్చి ఉండేవాడా? బహుశా లేదు. నేననేది ఒక్కటే. అధికార పార్టీలో ఉంటే వస్తుందన్నదీ రాలేదు. ప్రతిపక్షంలో ఉంటే కనీసం ప్రతి సమావేశంలో లేచి ‘ఆ నివేదిక ఎక్కడిదాకా వచ్చింది’ అని అడిగి రికార్డుకెక్కించేవాళ్లు. ఇటు ఫ్యాక్టరీ లేదు, అటు ప్రశ్న కూడా లేదు.

మా ఊరి మాజీ సర్పంచి ఒకాయన రోజూ సాయంత్రం మా అరుగు మీదికి వస్తాడు. నేనిలా రాస్తున్నానని తెలిసి నవ్వాడు. ‘‘సారూ, నువ్వు చెప్పేది పుస్తకంల బాగుంటది. అపోజిషన్ల ఉంటే ఎస్సై గూడ ఫోనెత్తడు. ఇంటి జాబితాల మనోళ్ల పేరొక్కటి ఎక్కదు. గెలిచినోడు ఇంట్ల కూసుంటడు, ఓడినోడు చెక్కులు పంచుతడు. మీ ఆఫీసోళ్లే గద స్టేజి మీద ఆయనకు కుర్చీ ఏసేది?’’

నా దగ్గర జవాబు లేదు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ‘నియోజకవర్గ ఇన్‌చార్జి’ అని ఒక పదవి ఉంది మన దగ్గర. రాజ్యాంగంలో ఎక్కడా కనిపించదు. గెలిచిన ఎమ్మెల్యే ప్రతిపక్షం వాడైతే అక్కడ ఓడిపోయిన అధికార పార్టీ అభ్యర్థే ఇన్‌చార్జి. తహసీల్దారు, ఎంపీడీవో, సీఐ ఎవరి మాట వినాలో పైనుంచి కబురొస్తుంది. కాగితం మీద రాదు, కబురుగానే. గెలిచినాయన ప్రోటోకాల్ ఉల్లంఘన అని స్పీకరుకు ఫిర్యాదు రాసుకుంటాడు. అలా రెండేళ్లు నలిగినాక కండువా మారుస్తాడు. మనం ఆయన్ను తిట్టిపోస్తాం. తిట్టాల్సిందే. కానీ ఆయన్ను అక్కడికి నెట్టిన యంత్రంలో ఒక చక్రం మా రెవెన్యూ ఆఫీసు కూడా.

ఆ యంత్రం ఎలా తిరుగుతుందో చెప్పాలంటే కల్యాణలక్ష్మి ఫైలు చాలు. 2014లో 51 వేలతో మొదలైన పథకం, 2018 నుంచి 1,00,116 రూపాయలు. పెళ్లికూతురి తల్లి దరఖాస్తు పెడుతుంది. ఆర్‌ఐ విచారిస్తారు. వయసు, ఆదాయం, కులం, పెళ్లి కార్డు అన్నీ చూసి తహసీల్దారు సరేనంటాడు. అర్హత తేలిపోయింది. ఇక నేరుగా ఆర్డీవో దగ్గరికి పోయి డబ్బు పడాలి. పోదు. మధ్యలో ఎమ్మెల్యే సంతకం ఉంది. కట్టకట్టి క్యాంపు ఆఫీసుకు పంపాలి. అక్కడ పీఏ. సారు హైదరాబాద్‌లో ఉన్నారు, సారు పెళ్లిళ్లకు తిరుగుతున్నారు, వచ్చే వారం రండి. సంతకమై, మంజూరై, చెక్కులు వచ్చాక మళ్లీ ఆగాలి, సారు చేతుల మీదుగా పంచాలి కాబట్టి. ఫంక్షన్ హాలు, ఫ్లెక్సీ, ఫొటోగ్రాఫరు. పెళ్లి ఖర్చుకని ఇచ్చే డబ్బు తీసుకోవడానికి ఆ అమ్మాయి చంకలో బిడ్డతో స్టేజి ఎక్కడం నేను కళ్లారా చూశాను. అందరూ చూశారు. జోకులేసుకున్నాం కూడా.

ఆ సంతకం ఎందుకు? అర్హత తేల్చడం అధికారి పని, తేల్చేశాడు. ఎమ్మెల్యే అందులో కొత్తగా చూసేదేమీ లేదు. ఆ సంతకంతో ఒరిగేది ఒక్కటే. ఆ తల్లి మనసులో ఆ డబ్బు ప్రభుత్వం ఇచ్చిందిగా కాకుండా సారు ఇచ్చిందిగా ముద్ర పడుతుంది. దళితబంధులో ఇది ఇంకా ముదిరింది. 2021లో మొదలైన ఆ పథకంలో ఇంటికి 10 లక్షలు, లబ్ధిదారుల ఎంపిక ఎమ్మెల్యేల చేతిలో. ఎమ్మెల్యే సిఫార్సు అక్కర్లేదని హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఎమ్మెల్యేలు అందులో డబ్బులు తీసుకుంటున్నారని 2023లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆరే తన పార్టీ సభలో హెచ్చరించారు. ఎంపిక వాళ్లకు అప్పజెప్పిందీ ఆయన ప్రభుత్వమే. ఇక నియోజకవర్గ అభివృద్ధి నిధి, 2021లో ఒక్కో ఎమ్మెల్యేకు ఏడాదికి 5 కోట్లకు పెంచారు. దాని విడుదల మళ్లీ పైవాళ్ల దయ.

ఇలా శాసనసభ్యుణ్ని మనం చెక్కుల గుమస్తాగా మార్చాం. జీతం మాత్రం గుమస్తాది కాదు, 2016లోనే తెలంగాణలో నెలకు రెండున్నర లక్షలకు చేరింది. జీతం ఎక్కువైందని నేను ఏడవను. ప్రభుత్వాన్ని నిలదీసే పని సరిగా చేస్తే ఇంకో లక్ష ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు. నా బాధల్లా, ఆ పనికి పైసా ఖర్చు లేదు, దాన్ని చేసేవాడు లేడు. పంచే పనికేమో ఎన్నికల్లో కోట్లు కుమ్మరించి మరీ పోటీ పడుతున్నారు. పంచే కొలువు అయినప్పుడు పంచడానికి సరుకున్న కొట్లోనే కొలువు చేయాలనుకుంటాడు ఎవడైనా. నర్సయ్యగారి తరం ఎమ్మెల్యేకు పంచడానికి ఏమీ లేదు. అర్జీ పట్టుకుని జనంతో పాటు ఆఫీసు మెట్లెక్కడం, కదలకపోతే సభలో అడగడం. ఆయన 2009లో ఓడాక మళ్లీ గెలవలేదు. 2025లో ముఖ్యమంత్రిని కలవడానికి పోయి ఇంటి గేటు బయట నిలబడ్డ ఆయన వీడియో ఊరూరా తిరిగింది. దానికీ సానుభూతి, దండం బొమ్మలు. పదవి పోయి పదహారేళ్లయిన మనిషి మెట్లెక్కడం ఎందుకు మానలేదన్నది, పదవిలో ఉన్నవాళ్లు ఏ సంగతి మీద మెట్లెక్కుతున్నారన్నది ఎవరూ అడగలేదు.

ఇప్పుడున్న చట్టం ఫిరాయింపును ఆపదు. 1985లో పదో షెడ్యూలు తెచ్చారు. మూడోవంతు చీలితే తప్పు లేదన్న సందును 2003లో మూశారు, మూడింట రెండొంతులు ‘విలీనం’ అన్న గుమ్మం అలాగే ఉంచారు. 2019లో తెలంగాణ కాంగ్రెస్‌లో 12 మంది ఆ గుమ్మంలోంచే పోయారు, ఇల్లందు ఎమ్మెల్యేతో సహా. 2024లో బీఆర్ఎస్ నుంచి పది మంది కాంగ్రెస్ వైపు వెళితే, స్పీకరు దగ్గర పిటిషన్లు పేరుకుపోయి, చివరికి 2025 జులై 31న సుప్రీంకోర్టు మూడు నెలల్లో తేల్చమనాల్సి వచ్చింది. ఈ వ్యవహారాన్ని స్పీకరు చేతిలోంచి తీయాలి. స్పీకరు కుర్చీలో ఎంత పెద్దమనిషి కూర్చున్నా ఆయనకు టికెట్టిచ్చిన పార్టీ ఒకటుంటుంది. అయితే దీనికి పార్లమెంటు పూనుకోవాలి, అక్కడా ఇవే పార్టీలు. మన కళ్లముందు అవుతుందని నాకు నమ్మకం లేదు.

సభ 90 రోజులు జరగాలంటే ప్రభుత్వానికి మనసుండాలి. ఏ ప్రభుత్వమూ తన మీద ప్రశ్నలేయించుకోవడానికి తనంతట తాను సభ పిలవదు. పత్రికలవాళ్లు మాత్రం ఒక పని చేయొచ్చు. ఎమ్మెల్యే చెక్కులు పంచిన ఫొటో రోజూ జిల్లా పేజీలో వేస్తున్నారు కదా. ఆ ఫొటో కింద, గడిచిన సమావేశాల్లో ఆయన వేసిన ప్రశ్నలు ఎన్ని అని ఒక్క లైను వేయండి. సున్నా అయితే సున్నా అనే వేయండి. అసెంబ్లీ ప్రశ్నల జాబితా రహస్యమేమీ కాదు.

మా మాజీ సర్పంచి దీన్ని కూడా కొట్టిపారేశాడు. ‘‘సున్నా అని ఏస్తే ఓట్లు తగ్గుతయా సారూ? చెక్కు అందకపోతే తగ్గుతయి.’’ అందుకే ముందు ఆ చెక్కు సంగతి తేల్చాలంటాను. కల్యాణలక్ష్మి ఫైలులో ఎమ్మెల్యే సంతకం తీసేసి, ఆర్డీవో మంజూరు చేసిన రోజే డబ్బు తల్లి ఖాతాలో వేయొచ్చు. రైతుబంధు డబ్బు ఎవరి సంతకం లేకుండానే ఖాతాల్లో పడింది కదా. దీనికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, సుప్రీంకోర్టు అక్కర్లేదు. అసెంబ్లీ కూడా కూర్చోనక్కర్లేదు. ఒక్క జీవో చాలు, ముసాయిదా కావాలంటే ఉచితంగా రాసిస్తాను.